కల్వర్టు మీద గొర్లమంద

మడకశిర బస్టాండులో ఆగిన బస్సులోంచి అందరూ దిగిపోయారు, వెనక సీట్లో కంబళి కప్పుకుని కూర్చున్న మనిషి తప్ప.

ఓబిలేష్ బస్సెక్కాడు. నెత్తిన రుమాలు, భుజాన కంబళి, చేతిలో కర్ర. ఆధార్ కార్డు ప్రకారం అతను గొర్ల వ్యాపారి కదిరప్ప. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకు మాత్రం ఏజెంట్ సెవెంటీన్.

"గొర్లు యాడ మేస్తాండాయన్నా?" అని అడిగాడు.

"వాన పడినకాడ" అని జవాబు రావాలి. అది కోడ్. రాలేదు. కంబళి పక్కకు లాగి చూస్తే, విదేశీ ముఠాలో చేరి ఏజెన్సీకి కబుర్లు చేరవేసే నల్లప్ప కడుపు అదిమి పట్టుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

"రొళ్ల పాత దారి... కల్వర్టు కింద బాంబు పెట్టినారన్నా. సీయెంకు. ఈ పొద్దే." ఊపిరి అందక ఆగాడు. "మైనా మనది కాదు. మనల్ని అమ్మేసింది."

అంతే. కళ్లు తెరిచే పోయాడు. ఓబిలేష్ వాటిని మూసి బస్సు దిగాడు.

మైనా అంటే అంజలి. నల్ల కళ్లద్దాలు, ధర్మవరం పట్టుచీర, మెడలో కెమెరా, నోట్లో నాలుగు భాషలు. ముఖ్యమంత్రి జయరాముడికి మీడియా సలహాదారు. కారులో ఆయన పక్క సీటు ఆమెదే. ఆ సీట్లో ఆమెను కూర్చోబెట్టింది ఏజెన్సీయే.

బస్టాండు వెనక గోడ చాటున ఓబిలేష్ కర్ర పిడి తిప్పాడు. లోపల శాటిలైట్ ఫోన్.

"నల్లప్ప పోయాడు సార్. టార్గెట్ ముఖ్యమంత్రి. అంజలి డబుల్ ఏజెంట్."

ఢిల్లీ నుంచి చీఫ్ అన్నాడు. "ఆ ముఠాకు కావలసింది ఆయన ప్రాణం కాదు. తర్వాత లేచే మంట. నింద ప్రతిపక్షం మీద పడుతుంది. జిల్లా తగలబడుతుంది. అక్కడ మనం కడుతున్న రాడార్ స్టేషన్ ఆగిపోతుంది."

"కాన్వాయ్‌ను హెచ్చరించండి."

"ఎలా? ప్రతిపక్షం సభ పెట్టకూడదని ఫోన్లన్నీ ఆయనే బంద్ చేయించాడు. కోర్టు తప్పంది. లెక్కచేయలేదు."

"పోలీస్ వైర్‌లెస్?"

"ఆ సెట్ అంజలి చెవి పక్కనే ఉంటుంది. విన్న మరుక్షణం కారులోనే కాల్చేస్తుంది."

"రూట్?"

"అప్రూవ్ చేసింది హైవే. కానీ ఆయన ఏనాడు అప్రూవ్ చేసిన రూట్లో వెళ్లాడు? పాత దారిలో ఫొటోలు బాగా వస్తాయని ఆమె అంటే చాలు. మధ్యాహ్నం దాకా టైముంది, సెవెంటీన్. అఫీషియల్‌గా నువ్వక్కడ లేవు."

ఫోన్ ఆగిపోయింది.

మోటార్ సైకిల్ మీద పాత దారికి వెళ్లి దూరం నుంచే చూశాడు. కల్వర్టుకు ఎదురుగా గుట్ట. గుట్ట మీద రైఫిళ్లతో ఇద్దరు. చుట్టూ వేరుశనగ పీకేసిన బీళ్లు. చాటుకు ఒక్క కంప లేదు. పిల్లి నడిచినా గుట్ట మీదికి కనబడుతుంది. అనుమానం రాకుండా ఆ నేల మీద నడవగలిగేవి గొర్లు మాత్రమే.

ఆ చుట్టుపక్కల గొర్లన్నీ మారెక్క వాళ్లవి. మారెక్క ఒక్కరి మాటే వింటుంది. ఆ ఒక్కరూ ప్రతిపక్ష నాయకురాలు అరుణజ్యోతి. జైలు నుంచి వచ్చాక ఆమెను పోలీసులు గడప దాటనివ్వడం లేదు.

ఆమె ఇంటి గేటు ముందు పోలీసు జీపు ఉంది. మారెక్కను వెంటబెట్టుకుని వచ్చిన గొర్ల వ్యాపారిని కానిస్టేబుళ్లు పట్టించుకోలేదు.

"ఎవురప్పా నువ్వు?" అంది అరుణజ్యోతి.

"నా పేరు నిజం కాదక్కా. చెప్పేది నిజం. జయరాముణ్ని చంపబోతాండారు. కారు కల్వర్టు కాడికి పోకముందే ఆపల్ల. నేను ఆపితే వాళ్లకు అనుమానమొస్తాది. మీ ధర్నా అయితే రాదు."

ఆమె గేటుకేసి చేయి చూపింది.

"పంచాయతీ ఎన్నికలు ఎగ్గొట్టినాడు. కోర్టు కాయితం తెస్తే గేటుకు ఇంకో బీగం ఏసినాడు. మా తమ్ముడు యేసన్నను యాడ పెట్టినారో ఈ పొద్దుకీ చెప్పలేదు. ఆయప్ప కోసం నా మనుషులు దెబ్బలు తినల్లనా?"

దేశం గురించీ రాడార్ గురించీ చెప్పాలనుకున్న మాటలు ఓబిలేష్ పక్కన పెట్టాడు.

"ఆయప్ప సచ్చిపోతే నువ్వే చంపించినావంటారక్కా."

"బతికితే? అడ్డం పడిందని మళ్లీ నన్నే లోపలేస్తాడు."

"ఏస్తాడు," అన్నాడు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

గోడకు ఆనుకుని కూర్చున్న మారెక్క మెల్లగా అంది. "సీయెం కారుకు ముందర జీపు తోలేది మా అక్క కొడుకు శశి గదమ్మా."

అరుణజ్యోతి కిటికీ అవతలి జీపు వైపు చూసింది.

"సచ్చినోన్ని ఎవురూ ఓడించలేరు మారెక్కా. బొమ్మ పెట్టి మొక్కుతారు. ఆయప్ప బతకల్ల. బతికి ఓడల్ల. నీ కంబళి ఇట్లియ్యి."

మారెక్క అరుణజ్యోతి చీర కట్టుకుని, కిటికీకి వీపు పెట్టి కుర్చీలో కూర్చుంది. అరుణజ్యోతి కంబళి ముసుగేసుకుని వ్యాపారి వెనకాలే గేటు దాటింది. జీపులో కానిస్టేబుల్ ఆవులించాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మారెక్క మనుషులు తోలుకొచ్చిన మంద పాత దారి మీదికి చేరింది. కల్వర్టు మీదా, దానికి ఇవతలా అంతా గొర్లే. దూరంగా సైరన్ వినిపించింది. కాన్వాయ్ దుమ్ము రేపుతూ వచ్చి ఆగింది. అరుణజ్యోతి కంబళి తీసి కింద పడేసి దారికి అడ్డంగా నిలబడింది.

"పంచాయతీ ఎన్నికలు పెట్టల్ల. యేసన్న యాడుండాడో చెప్పల్ల."

లాఠీలు లేచాయి. మొదటి దెబ్బ ఆమె భుజం మీద పడింది. ఆమె కదల్లేదు. గుట్ట మీది ఇద్దరూ ఆ వేడుకే చూస్తున్నారు. ఓబిలేష్ గొర్ల నడుమ వంగి నడిచి కల్వర్టు కిందికి జారాడు.

నీలం డ్రమ్ము. దాన్నుంచి గుట్ట వైపు పాకిన తీగ. కర్ర చివర నొక్కితే కట్టర్ బయటికొచ్చింది. తీగకు ఉక్కు తొడుగుంది. కట్టర్ సగం దాకా దిగి ఇరుక్కుపోయింది.

పైన అంజలి గొంతు వినబడింది. "సర్, నేను దిగి ఫొటోలు తీస్తాను." కారు తలుపు పడింది. ముఖ్యమంత్రి గొంతు మామూలుగా ఉంది. "తోలప్పా. గొర్లు సస్తే సస్తాయి."

అరుణజ్యోతిని పక్కకు ఈడుస్తున్న పోలీసుల కేకలు. ఇంజన్లు గర్జించాయి. గొర్ల అరుపులు. ఏవో టైర్ల కింద పడిన చప్పుడు. నెత్తి మీద రాతి బండలు అదిరి మట్టి రాలుతోంది. గుట్ట మీద ఇప్పుడు వేలు బటన్ మీదికి పోయి ఉంటుంది. ఓబిలేష్ కట్టర్‌ను మోకాలి కింద పెట్టి ఒంటి బరువంతా దాని మీద వేశాడు.

టక్.

ముందు జీపు, నల్ల కారు, వెనక కార్లు ఒకదాని వెంట ఒకటి నెత్తి మీదుగా వెళ్లిపోయాయి. ఏమీ పేలలేదు.

అతను పైకి వచ్చేసరికి అంజలి గుట్ట వైపు చేయి ఊపుతోంది. ఎవరూ జవాబివ్వలేదు. అడుగుల చప్పుడుకు తిరిగింది. కెమెరా లెన్సులో సన్నటి పిస్టల్ గొట్టం మెరిసింది.

"లేటయ్యావు, సెవెంటీన్."

"రోడ్డు బ్లాక్ మేడమ్."

కర్ర ఆమె మణికట్టు మీద పడింది. కెమెరా గొర్ల కాళ్ల మధ్యకు దొర్లింది. బాంబు పేలకపోయేసరికి పారిపోయిన గుట్ట మీది ఇద్దరూ సాయంత్రం కర్ణాటక సరిహద్దులో దొరికారు.

అదే సాయంత్రం టీవీలో ముఖ్యమంత్రి, గొర్లను అడ్డుపెట్టి ప్రతిపక్షం తనను చంపాలని చూసిందని చెప్పాడు. ధర్నా దగ్గరే పట్టుకున్న అరుణజ్యోతి మీద హత్యాయత్నం కేసు పెట్టారు.

"కోర్టుకు ఒక్క మాట చెప్పండి సార్," అని ఓబిలేష్ చీఫ్‌ను అడిగాడు.

"ఏం మాట? రికార్డులో బాంబు లేదు. అంజలి అనారోగ్యంతో రాజీనామా చేసింది. నువ్వు లేవు. ఆ పార్టీతో నీకు పనిలేదు, సెవెంటీన్. వెనక్కి వచ్చెయ్."

ఓబిలేష్ వెనక్కి వెళ్లలేదు. కోర్టులో, ఆ రోజు చచ్చినవి గొర్లే కాబట్టి జడ్జి బెయిలిచ్చాడు, ఇద్దరు జామీను ఉండాలన్నాడు. మారెక్క లేచింది. రెండో మనిషి లేవలేదు. పోలీసులు గుమ్మం దగ్గర నిలబడి ముఖాలు గుర్తుపెట్టుకుంటుంటే ఎవరు లేస్తారు? చివరి బెంచీలోంచి గొర్ల వ్యాపారి కదిరప్ప లేచి ముందుకు నడిచాడు. కార్డు చూపించాడు. సంతకం చేశాడు.

బయట, ఆమెను మళ్లీ ఆ ఇంటికే తీసుకుపోవడానికి అదే జీపు సిద్ధంగా ఉంది. ఎక్కబోతూ ఆమె గొంతు తగ్గించింది.

"నీ పేరే నిజం కాదంటివి గదన్నా. రేపు నీ జామీను చెల్లదంటే?"

"సర్కారే కార్డిచ్చి పుట్టించిన మనిషినక్కా. నేను లేనని చెప్పల్లంటే, ముందు సర్కారు నిజం చెప్పల్ల. ఆ భయమేం లేదు."