తుడవకూడని మట్టిగీత

ఓరిన్ బొటనవేలు గోడలోకి దిగిపోయింది.

గట్టిగా నొక్కింది కూడా లేదు. కిటికీ కింద, పోయిన క్రిస్మస్‌కి వేసిన తెల్లరంగు మీద ఊరికే ఆనించి చూశాడంతే. వేలు కణుపు దాకా లోపలికి పోయింది.

"అయ్యయ్యో! అది మా గోడ!" వేవ్నీ పరుగున వచ్చింది.

"గోడ ఎక్కడుందండీ? ఇది ఉత్త రంగు. లోపల చెక్కంతా చెదలు తినేశాయి."

"చెదలకి మందు వేయమని పిలిచాను, ఇంటికి కన్నాలు పెట్టమని కాదు."

"నేను పెట్టలేదు, మిస్ వేవ్నీ. ఉన్నదాన్ని చూపించాను."

ఆ మాటలో పొగరు లేదు, అలసట ఉంది. జార్జ్‌టౌన్‌లో చెక్క ఇళ్ళ వాళ్ళంతా అతన్ని ఆఖరి ఘడియలోనే పిలుస్తారు. అతని నోటితో చావుకబురు చెప్పించుకుని, తిరిగి అతని మీదే అరుస్తారు.

వేవ్నీకీ అరిచే ఓపిక లేదు. పగలంతా మందుల షాపులో నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. ఇంటికొస్తే వంట, బట్టలు, మామ్మకి మాత్రలు. వీటన్నిటి మీద క్లెమెంట్ బాబాయ్ పెట్టిన గడువొకటి. "క్రిస్మస్‌కల్లా చెదలు పోతే పాడైన పలకలు మార్పిస్తా. పోకపోతే ఇల్లు పడగొట్టి సిమెంటుది కట్టిస్తా" అన్నాడాయన. పడగొడితే మామ్మ బాబాయ్ ఊరికి పోవాలి, వేవ్నీ అద్దెగదికి పోవాలి. పుట్టి పెరిగిన ఇల్లు. 

పొడుగాటి స్తంభాల మీద నిలబడ్డ ఇల్లది. కింద నీడలో ఒక స్తంభం వెంట నేల నుంచి పైదాకా గోధుమరంగు మట్టిగీత పాకింది. చెదలు నడిచే దారి అదే. ఓరిన్ దానికి చిన్న కన్నం చేసి, తెల్లటి పొడి ఊది, తడిమట్టితో మూసేశాడు.

"ఇక అవే మోసుకెళ్ళి గూట్లో అందరికీ పంచుతాయి. ఈ గీతని మాత్రం ముట్టుకోకండి. తుడిస్తే ఈ దారి మానేసి ఇంకో స్తంభం పట్టుకుంటాయి. మందు గూటికి చేరదు."

"నేనెందుకు ముట్టుకుంటాను?" అంది వేవ్నీ.

వారం తర్వాత ఓరిన్ తిరిగి వచ్చేసరికి స్తంభం తళతళలాడుతోంది. గీత లేదు. పక్క స్తంభం మీద కొత్తది బయల్దేరింది.

"ఎవరు తుడిచారు?"

"నన్నడుగుతారేం? పొద్దున పోతే సాయంత్రం వస్తాను."

"మామ్మగారా?"

పైనుంచి ఐరిస్ మామ్మ తొంగిచూసింది. "నేను మెట్లు దిగి ఎన్నాళ్ళయిందో ఆ దేవుడికే తెలియాలి. ఇంకెవర్నైనా అనుమానించు నాయనా!"

మళ్ళీ మందు వేశాడు. మళ్ళీ గీత మాయమైంది. ఈసారి అతనికి కోపం వచ్చింది.

"నాతో ఆటలాడుతున్నారా, మిస్ వేవ్నీ?"

"ఆటలాడే ఓపిక ఉన్నట్టు కనిపిస్తున్నానా మీకు? మీ మందు పనిచేయలేదని ఒప్పుకోరాదూ!"

ఓరిన్ సంచీ భుజానేసుకుని వానలోనే వెళ్ళిపోయాడు. ఆమె పిలవలేదు. పిలవాలనిపించింది గానీ పిలవలేదు.

ఆ శనివారం వేవ్నీ పని నుంచి వచ్చి, సంచీ మెట్టు మీద పెట్టి, పండక్కి కర్టెన్లు ఏ రంగువి కొనాలా అని ఆలోచిస్తూ నిలబడింది. ఎందుకో చేతికి చల్లగా తగిలింది. చూసుకుంటే చేతిలో కిరోసిన్ గుడ్డ. గుడ్డ నిండా మట్టి. స్తంభం మీద గీత సగమే మిగిలింది.

"ఓరి దేవుడా, నేనే!"

ఆ వీధిలో ఆడపిల్లలందరికీ చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. చెదల గీత కంటపడితే చాలు, చెయ్యి కిరోసిన్ గుడ్డ మీదికి పోతుంది, ఈగను తోలినట్టు. తుడిచిన సంగతి మనసుకి తెలియను కూడా తెలియదు.

ఆమె అక్కడే కూలబడి ఓరిన్‌కి ఫోన్ చేసింది.

"తుడిచింది నేనే. తెలిసి కాదు. చేతులు వాటంతట అవే..." మాట పూర్తికాకుండానే ఏడుపొచ్చేసింది. "నేను అలిసిపోయానండీ. ఊరికే ఉండటం కూడా చేతకావడం లేదు."

 "వస్తున్నా" అన్నాడు.

ఈసారి మందుతో పాటు తాళ్ళ ఊయల తెచ్చాడు. గీతలోకి మందు ఊది, స్తంభాలన్నీ తట్టి చూసి, గట్టివి రెండు ఎంచి ఊయల కట్టాడు.

"పని నుంచి రాగానే ఇందులో పడుకోండి. గీతకి కాపలా. చేతులు మాత్రం ఊయల దాటకూడదు."

"మరి ఇంటిపని?"

"నేనున్నానుగా."

అలా ప్రతి సాయంత్రం రావడం మొదలుపెట్టాడు. అతను వాకిలి ఊడుస్తుంటే పైనుంచి మామ్మకు ఒకటే నవ్వు. "ఒరే అబ్బాయ్, అది ఊడవడమా? చెత్తకి షికారు తిప్పడమా?"

"నేను చెదల డాక్టర్ని మామ్మగారూ, చీపురు డాక్టర్ని కాను!"

డిసెంబరు వాన రేకుల కప్పు మీద కురుస్తుంటే అతను ఊయల పక్కన కూర్చుని మాట్లాడేవాడు. "ఎన్ని ఇళ్ళకి మందు వేశానో. బాగయ్యాక ఎవరూ పిలవరు. బాగుపడ్డ ఇంట్లో తీరిగ్గా కూర్చున్నది లేదు నేను."

జవాబు లేకపోతే తిరిగి చూసేవాడు. వేవ్నీ నిద్రపోతూ ఉండేది. అతను గొంతు తగ్గించి మిగతాది చెప్పేవాడు.

పండగ దగ్గరపడింది. వీధి వీధంతా రంగులేసుకుంది. వీళ్ళ ఇంటి కింద మాత్రం మట్టిగీత. పక్కింటావిడ కంచె మీదుగా, "ఈ ఏడు మట్టి అలంకారమా వేవ్నీ?" అని దెప్పింది. వేవ్నీ చెయ్యి ఊయల దాటింది. ఓరిన్ దాన్ని పట్టుకున్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయినా వదల్లేదు. ఆమె విడిపించుకోనూ లేదు.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం బాబాయ్ వచ్చాడు. ఓరిన్ గీతని స్క్రూడ్రైవర్‌తో గీరాడు. పొడిమట్టి జలజలా రాలింది. ఒక్క పురుగు లేదు. పెరట్లో చెట్టు మీదున్న చెదల గూడు పగలగొట్టినా అంతే. బాబాయ్ స్తంభాలన్నీ స్వయంగా తట్టి చూసుకుని, "సరే, పలకలు మార్పిస్తా. ఇల్లు ఉంటుంది" అని మామ్మ చేసిన అల్లం పానకం తాగడానికి పైకెళ్ళాడు.

వేవ్నీ రాలిన మట్టిని వేళ్ళతో నలిపి చూసింది. "ఇది ఈరోజు ఎండింది కాదు."

ఓరిన్ తల దించుకున్నాడు. "పోయిన వారమే ఎండిపోయింది."

"అంటే వారం నుంచీ నేను ఉత్తమట్టికి కాపలా కాస్తున్నానా?"

"కాపలా ఎక్కడ కాశారు? నిద్రపోయారు."

"చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు చీపురు పట్టుకుంటారు. నేను సంచీ పట్టుకోవాలి." స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "నాకు మీరంటే ఇష్టం, వేవ్నీ. మీరు నిద్రపోతుంటే చూడటం ఇంకా ఇష్టం. ఆ మొహంలో అలసట పోతుంటుంది."

 ఇన్నేళ్ళలో ఆమె అలసటను ఎవరైనా చూశారా? కళ్ళు తుడుచుకుని, మూలనున్న చీపురు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఈ మట్టి నువ్వే ఊడ్చెయ్. రేపు కూడా నువ్వే, ఎల్లుండి కూడా నువ్వే."

అని ఊయలలో వాలి కళ్ళు మూసుకుంది.