రెండో మాట

పెనం మీద పెసరట్టు చుయ్యిమంటోంది. జ్ఞానప్రసూనాంబ దాన్ని తిరగెయ్యకుండా కూతురి ముఖమే చూస్తోంది.

"అమ్మా, మాడిపోతోంది."

"మాడనీవే. ఆరేళ్లకి వచ్చావు. ఒక అట్టు మాడితే కొంప మునుగుతుందా?"

ఇందుజ నవ్వలేదు. నవ్వబోతే ఏడుపొస్తుందని భయం. హైదరాబాదులో రైలెక్కి ఏలూరులో దిగింది. అక్కణ్ణుంచి కారులో కైకలూరు. గేటు దగ్గర తండ్రి శ్రీరంగనాయకులు ఎదురొచ్చి "వచ్చావా అమ్మాయ్" అన్నాడు. "వచ్చానండీ" అంది. అంతే. వేలమంది ముందు గంటల తరబడి పాడే గొంతుకి కన్నతండ్రి ముందు ఇంకో మాట దొరకలేదు.

పదకొండింటికి టీవీవాళ్లు వస్తున్నారు. ఇందుజ జీవితం మీద గంట కార్యక్రమం. యాంకర్ సింధూరి నిన్ననే ఫోను చేసింది.

"మేడమ్, నాన్నగారి ప్రశ్న మీ ఇంట్లోనే అడుగుతాను. ఎమోషన్ బాగా పండుతుంది."

ఆ ప్రశ్నకి ఏం జవాబు చెప్పాలో ఇందుజ రైల్లోనే తేల్చుకుంది.

ఆరేళ్ల కింద ఆమె, ఆమె భర్త, సంగీత దర్శకుడు ఫణికిరణ్ కనిపించని ఆడియో ఫంక్షన్ లేదు. ఆయన బాణీ, ఆమె గొంతు. వేదిక మీద చేతిలో చెయ్యి. ఇంట్లో మాత్రం ఖాళీ సీసాలు, గోడకేసి కొట్టిన ఫోన్లు. కోపం వస్తే ఆమె పాడిన పాటని చెప్పాపెట్టకుండా ఇంకొకరితో పాడించేసేవాడు. పాట విడుదలైన రోజు అందరితోపాటే ఆమెకీ తెలిసేది. అలా మూడో పాట పోయిన రోజున, ఒక్క పెట్టె పట్టుకుని గుమ్మం దాటింది.

కెమెరాలు వెంటపడ్డాయి. ఒక కెమెరా కైకలూరులోని తండ్రి చేపల మేత కొట్టు దాకా వచ్చింది. చేతులకంటిన తవుడు దులుపుకుంటూ శ్రీరంగనాయకులు ఒకే ఒక్క మాటన్నాడు.

"తప్పు మా అమ్మాయిదేనండీ."

ఆ మాట సాయంత్రమంతా అన్ని ఛానళ్లలో మోగింది. ఇక ఫణికిరణ్ నోరు విప్పాల్సిన పనే లేకపోయింది. "కన్నతండ్రే అలా అన్నాక మేమేం చెయ్యగలం తల్లీ" అన్నారు నిర్మాతలు. పాటలు ఆగిపోయాయి. పెళ్లి సంగీత్‌లలో పాడింది. కాలేజీ వార్షికోత్సవాల్లో పాడింది. సొంత ఛానల్ పెట్టుకుని మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కింది. ఇన్నేళ్లలో తల్లితో మాట్లాడుతుండగా వెనక తండ్రి దగ్గు వినిపిస్తే చాలు, ఫోను పెట్టేసేది.

ఇందుజ పెసరట్టు ప్లేటు పక్కన పెట్టి వరండాలోకి నడిచింది.

"నాన్నగారూ, టీవీవాళ్లు వస్తున్నారు. మీరు నా పక్కన కూర్చోవాలి. ఆ రోజు అన్న మాట తప్పని చెప్పాలి."

శ్రీరంగనాయకులు పేపరు మడిచాడు. "నేను మైకు ముందు మాట్లాడనమ్మా. ఆ తర్వాత ఒట్టు పెట్టుకున్నాను."

"ఆ ఒట్టేదో ఆ రోజుకి ముందే పెట్టుకోవలసింది!"

ఆయన తల దించుకున్నాడు.

"అయితే నేనే చెప్తాను. ఫణికిరణ్ నన్ను సగమే ముంచాడు, మిగతా సగం మా నాన్నగారు ముంచారని మీ ఇంట్లో కూర్చునే చెప్తాను."

"ఇందూ!" వంటింట్లోంచి తల్లి అట్లకాడతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఏవండీ, మీరైనా ఏదో ఒకటి అనండి!"

"చెప్పనీవే. అందులో అబద్ధమేముంది?" అన్నాడాయన మెల్లగా.

ఆయన తిరిగి అరిచి ఉంటే బాగుండుననిపించింది ఇందుజకి. అరవని మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం.

అప్పుడే గేటు దభాలున తెరుచుకుంది.

"నాయకులుగారూ! ఇన్నాళ్లూ పక్క చెరువువాళ్లు కదా అని ఊరుకున్నానండీ!"

జోగారావు. వీళ్ల చేపల చెరువుకి ఆనుకునే ఆయన చెరువు. వెనకాలే నిద్రకళ్లతో కొడుకు హేమంత్‌కుమార్.

"మీ శ్రీహరి రాత్రి చెరువులో మురుగునీళ్లు బోదె కాలవలోకి వదిలేశాడు. అవి తిన్నగా నా చెరువులోకొచ్చాయి. తెల్లారేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుచుకుని ఉన్నాయండీ!"

నోట్లో బ్రష్షుతోనే పెరట్లోంచి వచ్చాడు ఇందుజ అన్న శ్రీహరి. "ఏంటి బాబాయ్! వదిలేముందు మీ హేమంత్‌కి ఫోను చేశానా లేదా? తూము మూసుకోమని చెప్పానా లేదా? అడగండి!"

హేమంత్‌కుమార్ చెప్పుల వైపు చూసుకున్నాడు. జోగారావు చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు.

శ్రీరంగనాయకులు లేచి నిలబడ్డాడు.

"తప్పు మావాడిదేనండీ జోగారావుగారూ."

శ్రీహరి నోట్లోంచి బ్రష్షు లాగేశాడు.

"ఫోను చేసి ఊరుకుంటే సరిపోతుందా? స్వయంగా వెళ్లి తూము చూసుకుని వదలాలి."

తగువుకి తయారై వచ్చిన జోగారావుకి ఇప్పుడేం చెయ్యాలో తోచలేదు. మడిచిన చొక్కా చెయ్యి తనే కిందికి దింపుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"అంటే... మావాడిదీ ఉందనుకోండి. ఫోను వచ్చిందంట. ఈ వెధవ తూము వెయ్యకుండా సెల్లు చూసుకుంటూ పడుకున్నాడు. సగం మాదేనండీ."

"నీళ్లకి గాలి పట్టించే ఏరేటరు తిరుగుతోందా?"

"తిరుగుతోందండీ. చాలామటుకు తేరుకున్నాయి."

"ఒకటి చాలదు. శ్రీహరీ, మనదీ పట్టుకెళ్లి వేసిరా. ప్రసూనా, కాఫీలు!"

కాఫీ తాగుతూ జోగారావు ఇందుజని గుర్తుపట్టాడు. "ఓర్నీ, అమ్మాయి వచ్చిందా! మా ఆవిడ ఫోనులో నువ్వే పాడతావమ్మా. ఆవిడ వెతుక్కుని ఎత్తేలోపు పల్లవి అయిపోయి చరణం ఎత్తుకుంటావు."

అందరూ నవ్వారు. శ్రీహరి మాత్రం ఏరేటరు కోసం వెళ్తూ చెల్లెలి చెవి దగ్గర గొణిగాడు.

"చూశావా? నాది ఆవగింజంత తప్పు లేదు. ఈయనెప్పుడూ ఇంతే. ముందు తన మనిషి మీద వేసేసుకుంటారు. దాంతో అవతలివాడు మెత్తబడి 'మాదీ ఉందండీ' అని రెండో మాట అంటాడు. కాఫీ తాగి వెళ్లిపోతాడు. చుట్టుపక్కల తగువులన్నీ ఇలాగే తీరుస్తారు. తిట్లు తినేది మాత్రం మనం."

ఇందుజ కాఫీ ట్రే కింద పెట్టేసింది.

జోగారావు గేటు దాటేదాకా ఆగింది. అప్పుడొచ్చి తండ్రి కుర్చీ పక్కనే నేలమీద కూర్చుంది.

"నాన్నగారూ... ఆ రోజు మీరు రెండో మాట కోసం చూశారా?"

ఆయన గేటు వైపు చూశాడు.

"గూడెంలో మీ మామగారి ఉల్లిపాయల కొట్లో టీవీ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, నా మాట ఆయన చెవిన పడుతుందనుకున్నాను. నేనో మెట్టు దిగితే ఆయనా దిగుతారనుకున్నాను. 'మావాడిదీ ఉందండీ నాయకులుగారూ' అంటే చాలు, పెద్దవాళ్లం కూర్చుని నిన్ను గౌరవంగా బయటికి తేవచ్చనుకున్నాను. వారం రోజులు ఫోను తలగడ పక్కనే పెట్టుకున్నానమ్మా. మోగలేదు. వరండాలో అనాల్సిన మాట లోకం చెవిలో ఊదేశానని అప్పటికిగానీ నాకు తెలిసిరాలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"అప్పటికే నీ పాటలు పోయాయి. ఇంకేం చెప్పినా సాకులాగే ఉంటుంది."

బయట కారు హారన్ మోగింది.

హాల్లో లైట్లు పెట్టారు. కాలర్‌కి మైకు తగిలించారు. వంటింటి తలుపు పక్కన తల్లి నిలబడింది. తండ్రి కనిపించలేదు. సింధూరి నాలుగు పాటల ముచ్చట్లు అడిగి, గొంతు మెత్తగా మార్చింది.

"ఇందుజగారూ, ఆ రోజు మీ నాన్నగారు అందరి ముందూ తప్పు మీదేనన్నారు. ఇవాళ మీరు ఆయన ఇంట్లోనే కూర్చున్నారు. ఏమంటారు?"

రైల్లో కూర్చుకున్న జవాబు నాలుక దాకా వచ్చింది. ఇందుజ దాన్ని మింగేసింది.

"తప్పు నాదేనండీ."

సింధూరి కళ్లు పెద్దవయ్యాయి.

"ఇల్లు వదలడం తప్పు కాదు. దానికి నేనెవరికీ జవాబు చెప్పను. కానీ మా నాన్నగారు ఆ మాట ఎందుకన్నారో ఆరేళ్లలో ఒక్కసారైనా అడగలేదు. అడక్కుండానే శిక్ష వేసేశాను. ఆ తప్పు నాది."

అని ఆగిపోయింది. కెమెరామన్ చేత్తో 'కట్ చెయ్యనా' అని సైగ చేశాడు. వద్దన్నట్టు ఇందుజ చెయ్యెత్తింది. ఆమె చూపు వరండా గుమ్మం మీదే ఉంది. ఒట్టు పెట్టుకున్న మనిషి. మాట తప్పడని ఊరంతా చెప్పుకునే మనిషి. ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ రావడం లేదు. వారం రోజులు మోగని ఫోను పక్కన పడుకోవడం ఎలా ఉంటుందో ఆ కాసేపట్లో ఆమెకి తెలిసింది.

గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు.

"సార్, ఫ్రేములోకి రాకండి..." అన్నాడు కెమెరామన్.

శ్రీరంగనాయకులు వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. కెమెరా వైపు చూడలేదు. కూతురికే చెప్పాడు.

"నాదీ ఉందమ్మా. సగం కాదు, ఎక్కువే ఉంది. జోగారావు ముందు శ్రీహరి తప్పు నేనొప్పుకుంటే, వాడు పక్కనే ఉన్నాడు, కాదనగలడు. ఆ రోజు నువ్వు పక్కన లేవు. నిన్నొక్క మాట అడక్కుండా నీ తరఫున ఒప్పేసుకున్నాను. నీ గొంతుతో మాట్లాడే హక్కు నాకు లేదమ్మా."

ఇందుజ తండ్రి భుజం మీద తలవాల్చింది. మైకుకి ఏడుపు తప్ప ఇంకేం అందలేదు. సింధూరి తర్వాత అడగాల్సిన ప్రశ్న మర్చిపోయింది.

వంటింట్లో జ్ఞానప్రసూనాంబ పైటచెంగుతో కళ్లు తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టింది.