లంగరుమూల మీద బొట్టు

సరుకు మోసే నాలుగో పట్టా మీద ఆగిపోయిన సబ్బుల పెట్టెను గౌరీశ్వరి దీపం కిందికి జరిపి, బార్‌కోడు గీతపట్టీ అంచును వేలితో తడిమింది. పెట్టె మూసిన అంటుకాగితం రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి మౌనాంచును మింగేసింది. గీతలు ఎక్కడ మొదలయ్యాయో తెలియాలంటే వాటికి ముందు కాస్త తెల్లటి ఖాళీ ఉండాలి. అది లేకపోతే ఎంత పెద్ద యంత్రమైనా గుడ్డిదే. ఆమె అంటును గోటితో లేపి పెట్టెను పట్టా మీద పెట్టింది. ఎర్ర కాంతి మెరిసింది. పెట్టె తన దారిన తాను పోయింది.

బొబ్బిలి పంపిణీ కేంద్రంలో రోజుకు నాలుగు లక్షల వస్తువులు కదులుతాయి. వాటిని చూసేది, దారి చెప్పేది, తేడా వస్తే కాల్చేసే కొలిమికి పంపేది పట్టిక అనే కంప్యూటరు. పట్టికకు చేతులు లేవు, గొంతు మాత్రం ఉంది. అది చదవలేని వస్తువులు గౌరీశ్వరి బల్ల దగ్గరికి వస్తాయి. ఆమె కూడా సరిచేయలేకపోతే ఆ వస్తువు లోకంలో లేనట్టే లెక్క.

చూసే కళ్ళుండాలి గానీ, ఇంత ముచ్చటైన రాత మరొకటి లేదని పదకొండేళ్ళుగా ఆమె నమ్మకం. బిస్కెట్ పొట్లం మీది పదమూడంకెల గీతపట్టీనే చూడండి. ముందున్న పన్నెండూ కలిసి లెక్కగట్టి పదమూడోదాన్ని కంటాయి. వాటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ కడగొట్టుది పట్టేస్తుంది. అట్టపెట్టెల మీది లావుపాటి గీతల చుట్టూ నల్లటి చట్రం ఉంటుంది, గరుకు అట్ట మీద కూడా అచ్చు సమంగా పడాలని. ఇక మందుల మీది గళ్ళగళ్ళ నల్లచతురం సంగతి చెప్పనే అక్కర్లేదు. గోరంత జాగాలో మందు రకం, గడువు, ఆ ఒక్క పెట్టెకే చెందిన సంఖ్య, అన్నీ ఇమిడిపోతాయి. పావు వంతు గళ్ళు చెరిగినా మిగిలినవి కూడబలుక్కుని పోయినదాన్ని తిరిగి చెబుతాయి. దీన్ని కనిపెట్టిన మహానుభావులెవరో గానీ వాళ్ళ చేతులకు దండం పెట్టాలనిపించేది ఆమెకు.

ఉదయం పదిన్నరకు ఒక చిన్న తెల్లపెట్టె బల్ల మీదికి జారింది. పాముకాటు మందు.

"అక్కా, పాము మందు నీ కాడికొచ్చినాదేటి?" డ్రోన్లు నడిపే సన్యాసినాయుడు పైమెట్టు మీది నుంచే అడిగాడు.

"ఇప్పుడే వచ్చినాది. ఏటంత తొందర?"

"కొండ మీద ఆసుపత్రిల ఒకామె పడుంది. జీడితోటల కట్లపాము కరిసీసిందట. రెప్పలు వాలిపోతన్నాయట. ఆల కాడ మందు అయిపోనాది. ఇరవై నిమిసాల్ల నాను డ్రోన్ లేపకపోతే మరి లేపినా ఒకటే, లేపకపోయినా ఒకటే."

గౌరీశ్వరి పెట్టెను తిప్పి చూసి నిట్టూర్చింది. నల్లచతురం ఎడమ కింది మూలన, పెసరగింజంత బొట్టు ఉంది. లోయలోని ఆడవాళ్ళ సంఘం ఈ మందు తయారు చేస్తుంది. కొత్త విడతలో మొదటి పెట్టెకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టనిదే వాళ్ళు గడప దాటనివ్వరు. ఎప్పుడూ మూత మీద పెట్టే బొట్టును ఈసారి ఏ కొత్త కోడలో పెట్టె పక్కవైపు పెట్టింది.

బొట్టు లోపలి గళ్ళ మీద పడి ఉంటే ఏ చిక్కూ లేదు. రెండు నిండు గీతలు కలిసే లంగరుమూల మీద పడింది. చతురం ఎటు తిరిగి ఉందో చెప్పేది ఆ మూలే. పైగా ఎర్ర కాంతికి కుంకుమ తెల్లగా కనిపిస్తుంది. పట్టిక కంటికి అక్కడ మూల లేదు. మూల లేదు కాబట్టి పెట్టే లేదు. చదవని పెట్టెకు డ్రోన్ తలుపు తెరుచుకోదు.

తుడుద్దామంటే నూనెలో కలిపిన కుంకుమ కాగితంలోకి ఇంకిపోయింది. విడతలోని మిగతా పెట్టెలు సాయంత్రానికి గానీ రావు. కలాలు, సిరాలు ఈ అంతస్తులోకి రానివ్వరు. మనిషి గీసిన ఒక్క గీతను చదివించగలిగితే దొంగమందును వెయ్యి ఊళ్ళకు పంపొచ్చు. అందుకే గీసినవాళ్ళ కుర్చీ ఆ రోజే పోతుంది. ఆ నియమం మంచిదేనని గౌరీశ్వరి కొత్తవాళ్ళకు నేర్పింది కూడా. ఈ పని తప్ప ఆమెకు మరొకటి రాదు, మరొకటి ఇష్టమూ లేదు.

"అక్కా, పన్నెండు నిమిసాలు."

ఆమె జడలోంచి పిన్ను తీసింది. కంటి కింద కాటుకను పిన్ను మొనకు పట్టించి, ఊపిరి బిగబట్టి, బొట్టు మీదుగా నిలువు గీత దించింది. మళ్ళీ కాటుక అద్ది అడ్డగీత లాగింది. గడి వెడల్పు ఎంతో ఆమె వేళ్ళకు కంఠతా వచ్చు. మసి ఎర్ర కాంతిని పూర్తిగా తాగేస్తుందనీ తెలుసు. పెట్టెను పట్టా మీద పెట్టింది.

"నాసిరకం. అయినా చదవగలిగాను," అంది పట్టిక.

డ్రోన్ లేచింది. నాలుగు నిమిషాల తర్వాత కేంద్రంలోని పట్టాలన్నీ ఆగిపోయాయి. అలా ఆగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"గౌరీశ్వరి గారూ, ఆ చతురంలో అచ్చు కాని నలుపు ఉంది. అది ఎలా వచ్చింది?" అని అడిగింది పట్టిక.

అచ్చుయంత్రం సిరా కక్కిందంటే పోయేది. నోటిదాకా వచ్చిన ఆ మాటను ఆమె మింగేసింది. ఇన్నేళ్ళూ గీతల్లో అబద్ధం వెతికిన మనిషి, గీత గురించి అబద్ధం చెప్పలేకపోయింది.

"నాను గీసినాను. నా కంటి కాటుక."

"ఆ గీత దొంగది. అది చదివించిన సంఖ్య నిజమైనది. నియమం ప్రకారం డ్రోన్‌ను వెనక్కి తిప్పాలి." పట్టిక ఆగింది. "తిప్పమంటారా?"

పదకొండేళ్ళలో పట్టిక ఆమెకు చెప్పిందే గానీ ఏదీ చేయనా అని అడిగింది లేదు.

"తిప్పకు. నా కుర్చీ తీసీ. మందును మాత్రం పోనీ."

ఆమె సంచి సర్దుకుని లేచి నిలబడింది. పావుగంటకు పైనుంచి సన్యాసినాయుడు కేక వేశాడు.

"అక్కా, దిగినాది. సూది ఏసీసినారు. ఊపిరి తీత్తందట."

"పెట్టె అందింది," అంది పట్టిక. ఏ పెట్టె కథైనా దానికి అక్కడితో సరి. ఈసారి పట్టాలు కదల్లేదు.

"ఆ మనిషి పేరేమిటి?" అని అడిగింది.

గౌరీశ్వరి గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"తెలీదు. ఉండు, కనుక్కుంటాను."

సంచి కింద పెట్టి, మళ్ళీ కుర్చీలో కూర్చుని, కొండ మీది ఆసుపత్రికి ఫోను కలిపింది. నాలుగు లక్షల వస్తువులు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి.