నది లెవెల్ పాట

"ఆ గోల ఆపరా!"

పొద్దున్నే బేకరీలోంచి మామగారు వేసిన కేకకు కోడలి చేతిలో కాఫీ తొణికింది. భర్త ఫోన్‌లో మోగుతున్నది అతను చిన్నప్పుడు ఆడిన వీడియో గేమ్ సంగీతం. నది లెవెల్లో వచ్చే పాట. దాన్ని ఈమధ్యే పెద్ద వాద్యబృందంతో కొత్తగా వాయించారట. వారం నుంచి ఇంట్లో అదే మోత.

"చూశావా? చిన్నప్పుడు అమ్మ పోయాక నాకు తోడున్నది ఈ పాటొక్కటే. అదీ పడదు ఆయనకి. సాయంత్రం అద్దె ఇల్లు చూసొద్దాం. ఇంక ఇక్కడ ఉండటం నా వల్ల కాదు" అన్నాడతను.

గిరాకీల రొదలో రోజంతా గడిపే మనిషికి ఇంత చిన్న పాట గోలెలా అయిందో ఆమెకి అంతుపట్టలేదు. ఏదైనా ఆరా తీయందే ఆమెకి నిద్రపట్టదు. గోడకవతలే బేకరీ. తిన్నగా అక్కడికే నడిచింది.

బుట్టలో పొద్దుటి రొట్టెలు ఇటుకల్లా పడి ఉన్నాయి. మోచేతుల దాకా పిండితో మామగారు బల్ల దగ్గర ముద్ద పిసుకుతూ, కూనిరాగం తీస్తున్నారు. అదే పాట! కాకపోతే నిదానంగా.

"మామయ్యా, ఇది మీకెలా వచ్చు?"

"రాకేం? మూడుసార్లు పాడేసరికి పిండి సాగుతుంది. ఏళ్ల తరబడి అదే నా లెక్క. వాడు పెట్టేది పరుగెడుతోందమ్మా. చెయ్యి దాని వెంట పోతోంది, పిండి కుదరడం లేదు."

వెనకే వచ్చిన కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అసలు వేగం నా ఫోన్‌లో ఉన్నదే. మన పాత గేమ్ మెషీనే నెమ్మదిగా నడిచేది. అయినా అది నీకెలా తెలుసు నాన్నా? ఒక్కరోజైనా వచ్చి నా పక్కన కూర్చున్నావా?"

ముసలాయన చేతులు ఆగాయి.

"కూర్చుంటే రొట్టెలెవరు చేస్తార్రా? బళ్లోంచి వచ్చి ఆ గదిలో ఒక్కడివే ఉండేవాడివి. పాట వినిపిస్తుంటే బాగానే ఉన్నావనుకుని పని చేసుకునేవాణ్ని. నీకు నిద్రొచ్చి ఆట ఓడిపోతే పాట ఆగేది. అప్పుడొచ్చి దుప్పటి కప్పేవాణ్ని."

"దుప్పటికి పిండి పూశానని నన్నే తిట్టేవాడివి కదా!"

"మరేమనను? నేనే పూశానని చెప్పనా?"

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఏమండీ, సాయంత్రం ఇల్లు చూడ్డానికి ఎన్నింటికి బయల్దేరదాం?" అని కావాలనే అడిగింది.

అతను చేతులు కడుక్కొచ్చి, తండ్రి పక్కన నిలబడి పిండిలో చేతులు పెట్టాడు. చెంపల మీదికి నీళ్లు జారుతున్నాయి. తుడుచుకుందామంటే చేతుల నిండా పిండే.

"పాడు నాన్నా," అన్నాడు. "ఎంత నెమ్మదో మర్చిపోయాను."