పడని పువ్వు

కార్తీకం వచ్చిందంటే అరకు నుంచి పాచిపెంట వైపు దిగే కొండవాలు పొలాలన్నీ వలిసె పూతతో పచ్చబడతాయి. పచ్చ అంటే ఆకుపచ్చ కాదు, పసుపుపచ్చ. పొద్దున మంచు విడేదాకా ఏమీ కనబడదు. విడిందా, ఇక కళ్లు నిలవవు. పైన ఎండ, కింద పువ్వు, మధ్యలో తేనెటీగల రొద. దిగువ నుంచి వచ్చినవాళ్లు నోరు తెరుచుకుని చూస్తారు. కొండమీదవాళ్లకి అంత తీరికెక్కడిది? వాళ్లకది నూనెగింజ.

అచ్చియమ్మకి మాత్రం రెండేళ్లుగా ఆ పూత కిట్టదు. తన చెక్క పొలంలో వలిసె మానేసి సామలు చల్లింది. "ఏటప్పా, నీ కూరలోకి నూనొద్దేటి?" అని ఊళ్లో ఆడవాళ్లు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది. ఊరంతా వేసుకున్నాక తనొక్కతే మానేస్తే ఏం లాభం? గాలికి గట్లు తెలియవు కదా.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. అచ్చియమ్మ, మూడేళ్లు దాటిన మనవరాలు కనక. కొడుకు మంగ్లు పెళ్లాం పోయిన దుఃఖంతో అస్సాం తేయాకు తోటల కూలికి వెళ్లిపోయాడు. మళ్లీ కబురు లేదు. కోడలు లేని అత్త గుణవంతురాలని సామెత. ఆ సామెత కట్టినవాడికి అచ్చియమ్మలాంటి అత్త తగిలి ఉండదు. కోడలు పోయాకే ఆమెకు తన గుణమేమిటో తెలిసింది.

ఆ కోడలు గంగ. కొండ దిగువ ఊరి పిల్ల, పనిమంతురాలు. వచ్చిన మొదటి ఏడు బాగానే ఉంది. కనక పుట్టిన మరుసటేడు పూత విప్పగానే గంగ కళ్లు ఎర్రబడ్డాయి. దురద, నీళ్లు కారడం, తుమ్ములు. అవన్నీ ఒక ఎత్తు, వెలుగు ఒక ఎత్తు. తలుపు సందులోంచి పుల్లంత ఎండ పడినా ముఖం గోడకి తిప్పేసుకునేది. "అత్తా, ఎలుగు గుచ్చుతన్నాది. తలుపెయ్యవా," అని బతిమాలేది.

అచ్చియమ్మ రాక్షసేమీ కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కళ్లజబ్బుకి కొండమీద తెలిసిన మందు తేనె. రోజూ పొద్దున్నే కోడలి తల ఒళ్లో పెట్టుకుని కంటికొక చుక్క వేసింది. ఆ తేనె ఎక్కడిది? చుట్టూ ఉన్న వలిసె పూలదే. గంగ గిలగిలా కొట్టుకునేది. "మందన్నాక మండదేటే!" అని రెండో కంట్లోనూ వేసేది.

ఎంతకీ తగ్గకపోతే మంగ్లు భార్యని దిగువనున్న మిషను ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడ నర్సు సంతోషమ్మ చూసి చెప్పవలసింది చెప్పి పంపింది. కానీ మంగ్లు మాట్లాడమంటే పన్ను పీకినట్టు బాధపడే మనిషి. ఇంటికి రాగానే గంగ ముసుగుతో చీకటి గదిలోకి పోయింది. వాడు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటన్నాదిరా?" అని అడిగింది తల్లి.

"గంగకిక్కడ పడదంట. కిందికి అంపీమంది."

పడదు. అచ్చియమ్మ చెవిన ఆ ఒక్క మాటే పడింది. అత్తాకోడళ్ల మధ్య ఆ మాటకి వేరే అర్థమేముంటుంది? అంటే ఈ గుంట మిషను దాకా పోయి, పరాయివాళ్ల ముందు కూచుని, అత్త మీద చాడీలు చెప్పిందన్నమాట. కళ్లజబ్బు వంక, పుట్టిల్లు అసలు సంగతి!

"ఎవులితో పడదురా? నాతోనా?"

మంగ్లు ఏదో గొణిగాడు. లోపల్నించి గంగ "అది కాదత్తా... పువ్వు..." అంది. వింటేనా!

మర్నాడు మంగ్లు అడవికి పోగానే అచ్చియమ్మ గది తలుపు బార్లా తీసింది. కోడలి కళ్లమీద తడిగుడ్డ లాగి పారేసింది. గెడ్డవాగు అవతల చోళ్ల పంట కోతకొచ్చింది, పోయి కోసుకురమ్మంది. గంగ మారుమాట్లాడలేదు. కొడవలి ఒక చేత్తో, మొహానికి అడ్డం ఒక చేత్తో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, పూలమధ్య కాలిబాటన తడుముకుంటూ వెళ్లింది. గుమ్మంలోంచి చూస్తూ అచ్చియమ్మ నవ్వింది కూడా. "ఏసాలు!" అనుకుంది.

గెడ్డలో రాళ్లమీంచి దాటుతూ గంగ అడుగు తప్పింది. మడుగులోంచి తీసినప్పుడు గంగ రెండు చేతులూ కళ్లమీదే ఉన్నాయి. నీళ్లలో పడ్డా, మునుగుతున్నా, తియ్యలేదు.

ఆ తరువాత సంతలో సంతోషమ్మ ఎదురై పలకరించింది. "ఏమ్మా, కోడల్ని కిందికి దించారా? కొందరి ఒంటికి ఆ పువ్వుదుమ్ము పడదమ్మా. అందుకే కళ్లు వెలుగు ఓర్చుకోలేవు. చీకట్లో పడుకోబెట్టి, చన్నీళ్ల గుడ్డ వేసి, పూత అయ్యేదాకా దూరంగా ఉంచితే చాలు."

అచ్చియమ్మ సంత మధ్యలోంచే ఇంటిదారి పట్టింది. పడనిది తను కాదు, పువ్వు! చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆ రోజు నుంచి ఆమె తిన్న ముద్ద ఒంటికి పట్టలేదు.

ఈ ఏడు పూత విప్పిన కొన్నాళ్లకి, ఒక పొద్దున తలుపు తీసేసరికి కనక ముఖం చేతుల్లో దాచుకుంది.

"ఒద్దు మామ్మా... ఎలుగు..."

అచ్చియమ్మ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

ఈసారి ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. పిల్లని కిందికి దించాలి. కింద ఉన్నదెవరు? గంగ తల్లి ముత్యాలమ్మ. కూతురి శవం దగ్గర కూచుని కూడా ఆవిడ అచ్చియమ్మని ఒక్క మాట అడగలేదు. అడిగి తిట్టిపోసినా బాగుండేది. ఏ ముఖం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కడం? రేపు దించుతాలే అనుకుంది. మర్నాడూ అదే అనుకుంది. ఈలోగా పిల్లని లోపలి గదిలో పడుకోబెట్టి, కళ్లకి తడిగుడ్డ కట్టి, ఎండ పొడ సోకకుండా చూసుకుంది. కోడలికి చెయ్యనిదంతా మనవరాలికి చేసింది.

ఒకనాడు ఊటనీళ్లకి వెళ్లి వచ్చేసరికి పిల్ల కళ్లమీద గుడ్డ నీళ్లోడుతోంది. అచ్చియమ్మ ఆశ్చర్యపోయింది. ఇంట్లో ఉన్న ఒక్క కుండా తన చంకలోనే ఉంది.

"గుడ్డెవులు తడిపినారే?"

"అమ్మ," అంది కనక.

పిల్లలు ఏదో అంటారు, అనుకుంది. గుడ్డ తీసి పిండబోయింది. నాచు వాసన. ఊటనీళ్లకి నాచు వాసన ఉండదు.

తరువాతి రోజు మధ్యాహ్నం గది మరీ చీకటిగా ఉంది. ఆ గదికి మట్టిగోడ బీటల్లోంచి, చూరు కింది సందుల్లోంచి కాస్త వెలుగు రావాలి. రావడం లేదు. అచ్చియమ్మ గోడ తడిమింది. బీటలన్నిట్లోనూ చల్లటి ఒండ్రు కూరి ఉంది. ఇంకా ఆరలేదు. ఒండ్రు మీద వేళ్ల గుర్తులు. తన వేలు ఒక గుర్తులో పెట్టి చూసింది. తన వేలికంటే సన్నం.

చెయ్యి వెనక్కి లాక్కుంది. భయం ఒకటే అయితే ఆ క్షణమే పారిపోయేది. భయం వెనకాల సిగ్గు కూడా ఉంది. తల్లి బిడ్డని చూసుకుంటోంది... నువ్వేమిటి మధ్యలో... అన్నట్టనిపించింది. ఆ పూట కూడా కదల్లేదు.

మరుసటి రోజు చాప మీద పిల్ల లేదు.

"కనకా!"

వాకిలి చూసింది. పెరడు చూసింది. ఎండ... పూత... తేనెటీగల రొద. పరుగున లోపలికొచ్చింది. మూలనున్న చోళ్ల గాదె మీద మూత పెట్టి ఉంది. ఆ మూత ఎత్తాలంటే పెద్దవాళ్లు కావాలి. ఎత్తింది. అడుగున గింజలమీద ముడుచుకుని పడుకుని కనక నవ్వుతోంది.

"ఇక్కడ బాగుంది మామ్మా. సీకటి."

"ఎవులు దింపినారే నిన్నిందులో?"

"అమ్మ. ఇంకా సీకటి సోటుందంట. గెడ్డలో. నీల్ల అడుక్కెళ్తే ఎలుగే రాదంట. రేపు తీస్కెల్తాదంట."

అచ్చియమ్మ ఇంక రేపనలేదు. గొంగళితో పిల్లని తల నుంచి కాళ్లదాకా కప్పి వీపుకి కట్టుకుంది. తలుపు కూడా వెయ్యకుండా బయల్దేరింది.

దిగువకి ఉన్నది ఒకటే బాట. ఆ పూల మధ్యనుంచే పోవాలి. ఆ గెడ్డే దాటాలి. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. గాలి లేదు. వలిసె పువ్వు చేదు వాసన గొంతులో పట్టుకుంటోంది. కొంత దూరం పోయాక తేనెటీగల రొద ఆగిపోయింది. తన అడుగుల చప్పుడు వినిపిస్తోంది. దాని వెనకాల... ఇంకో అడుగు. తడిపాదం అడుగు.

ఆమె తిరిగి చూడలేదు. వీపుమీద గొంగళి బరువెక్కుతోంది. నీళ్లలో నానినట్టు... బొట్టు బొట్టు ఆమె పిక్కలమీదుగా కారుతోంది.

గెడ్డ వచ్చింది. నీళ్లు తక్కువే. నడవడానికి రాళ్లున్నాయి. మొదటి రాయి మీద కాలు పెట్టింది.

వెనకనుంచి రెండు అరచేతులు ఆమె కళ్లు మూశాయి.

చల్లటి చేతులు. పిల్లవి కావు. కనక చేతులు గొంగళి లోపల ఉన్నాయి.

"నడు అత్తా..." చెవి పక్కనే గుసగుస. "నాను నడిసినట్టే... నడు."

పాదం ముందుకి చాపి తడిమింది. రెండో రాయి ఎక్కడుందో తెలియదు. పక్కన మడుగు సుడి తిరుగుతున్న చప్పుడు. ఇలాగా నడిచింది గంగ? ఈ బాటంతా? తను గుమ్మంలో నవ్వుతూ నిలబడిన ఆ వేళ... ఇలాగా?

"ఒలే గంగా," అంది అచ్చియమ్మ. "నీకు పువ్వు పడలేదు. నాకు నువ్వు పడలేదు. అదే... అదొక్కటే నిజం. మావోడు సరిగా సెప్పలేదని ఊరందరితో అన్నాను. సరిగా సెప్పినా నాను ఇనను. నన్నేటి సేసుకుంటావో సేసుకో. గుంటని మాత్రం ఈ నీల్లు దాటనీ తల్లీ."

కళ్లమీంచి చేతులు తియ్యలేదు. కానీ తడుముకుంటున్న ఆమె పాదాన్ని ఏదో మెల్లగా పక్కకి నెట్టింది. రాయి తగిలింది. మళ్లీ నెట్టింది. ఇంకో రాయి. ఒక్కొక్క అడుగే... కాలికింద గడ్డి తగిలాక చేతులు తొలగిపోయాయి. తేనెటీగల రొద మళ్లీ మొదలైంది. అచ్చియమ్మ ఏడుస్తూ కొండ దిగింది.

పొద్దు వాలుతుండగా ముత్యాలమ్మ ఊరు చేరింది. అక్కడ వలిసె లేదు, వరిచేలే. గొంగళి విప్పగానే కనక చుట్టూ చూసింది. ఎదురెండలో కళ్లు చికిలించకుండా, కోడిపిల్ల వెంట పరిగెత్తింది. అచ్చియమ్మ ఒళ్లంతా తేలికైపోయింది.

ముత్యాలమ్మ అరుగు మీద ఎదురుచూస్తున్నట్టే కూచుని ఉంది. ఆశ్చర్యపడలేదు. ఎందుకొచ్చావనలేదు. చేతులకి తడిమట్టి అంటుకుని ఉంది.

"రా వదినా. వత్తన్నావని గంగ సెప్పింది," అంది.

అచ్చియమ్మ అరుగు స్తంభం పట్టుకుంది. "ఎప్పుడు?"

"పొద్దుట. బేగి గది సెయ్యమంది. ఉదయం నుంచీ అదే పని. సందులన్నీ మెత్తీసినాను. సూది మొనంత ఎలుగు రాదు."

"గుంటకింక సీకటక్కర్లేదు వదినా. సూడు, ఎలా ఆడుకుంటన్నాదో."

"గుంటకేటీ? అది నా కాడ సుబ్బరంగా ఉంటాది." ముత్యాలమ్మ లేచి చేతులు దులుపుకుంది. "గది నీకోసం సెయ్యమంది."

ఆవిడ లోపలికి పోయి గది తలుపు తోసింది. వాకిట్లో ఉన్న కాస్త ఎండా ఆ తలుపు దాకా పోయి ఆగింది. అచ్చియమ్మ తొంగి చూసింది. లోపల ఒకటే చాప పరిచి ఉంది. దాని మీద దుప్పటి, అప్పటికే పడుకున్నవాళ్లెవరో గోడవైపు ఒత్తిగిలి ఇంకొకరికి చోటిచ్చినట్టు, ఒక పక్కకి ఎత్తుగా ఉంది.