గుండీ కింద మిగిలిన మెమరీ

సోమవారం సాయంత్రం ల్యాబ్ లాకర్‌లోంచి ప్లాస్టిక్ ఫిల్మ్ పోయింది. బుధవారం అదే లాకర్‌లో దొరికింది, నల్లగా మాడిపోయి.

బోధన్ రోడ్డులోని ఆ ప్రైవేటు కాలేజీ ల్యాబ్‌కు ఎస్సై అఖిల వచ్చేసరికి ముగ్గురూ ఎడం ఎడంగా నిలబడి ఉన్నారు. లాకర్ తాళంచెవులు ఆ ముగ్గురి దగ్గరే ఉంటాయి.

"ఏందిది?"

"మెమరీ, మేడం," అంది రీసెర్చ్ స్కాలర్ ఫౌజియా. "ప్లాస్టిక్ మీద గ్రాఫీన్ ఆక్సైడ్ పూత. కాగితం లెక్క వంగుతది. కరెంటు తీసేసినా రాసింది మర్చిపోదు. రేపు హైదరాబాద్‌ల చూపియ్యకుంటే నా సీటు పోతది."

"పని చెయ్యలేదేమో. బయటపడతదని తనే కాల్చింది," అన్నాడు హెచ్‌ఓడీ లక్ష్మీరాజం.

"చంటిపిల్ల తల్లి, టెన్షన్‌ల చేసుంటది. కేసెందుకు మేడం, వదిలెయ్యండి," అన్నాడు తోటి స్కాలర్ భాస్కర్.

ఆ జాలి అఖిలకు నచ్చలేదు.

ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసింది. గోధుమరంగు పూత వేడికి నల్లబడింది. ఒక్కచోట మాత్రం గుండ్రంగా, పాత రంగే మిగిలింది.

"ఇక్కడ స్టవ్ ఉందా?"

"లేదు."

"ఓవెన్?"

"చెడిపోయింది."

"మీ బట్టలు ఎవరు ఇస్త్రీ చేస్తరు?"

ముగ్గురూ వింతగా చూశారు.

"నావన్నీ టీషర్టులే," అన్నాడు లక్ష్మీరాజం.

"పిల్లతోనే తెల్లారుతది. ఇస్త్రీపెట్టె మొహం చూసి ఏడాదైంది," అంది ఫౌజియా.

"మా అమ్మ," అన్నాడు భాస్కర్. అతని చొక్కా జేబుకు మూత ఉంది. మూతకు గుండీ ఉంది.

"నంబర్ చెప్పు."

స్పీకర్‌లో సుమిత్రమ్మ గొంతు నెమ్మదిగా వచ్చింది. "మొన్న రాత్రా? ఇస్త్రీ చేసిన బిడ్డా. పట్నం పోతనని అంగీ కొక్కేనికి పెట్టిండు. ముడతలున్నయని నేనే చేసిన. జేబుల ఏందో ప్లాస్టిక్ కవర్ ఉండె, నల్లగైంది. దానికే నా మీద లేచిండు. అంగీ అయితే మంచిగనే ఉంది గదా?"

భాస్కర్ తల దించుకున్నాడు.

"మా బాబు స్కూల్ అంగీ రోజూ నేనే ఇస్త్రీ చేస్త," అంది అఖిల. "గుండీ మీద పెట్టె ఆనియ్యం, చుట్టూ తిప్పుతం. మీ అమ్మ గూడ గంతే. గుండీ కిందున్న చోటు మిగిలింది. ఫిల్మ్ నీదని హైదరాబాద్‌ల చూపెట్టాలనుకున్నవ్. మాడిపోయినంక తెచ్చిపెట్టి ఈమె మీదికి తోసినవ్."

లక్ష్మీరాజం ఫౌజియా వైపు తిరిగాడు. "అయినా కాలింది కాలిందే. రేపేం చూపెడతవ్?"

ఫౌజియా ఆ గుండ్రటి చోట టెస్టింగ్ మెషిన్ సన్నటి సూదులు రెండు ఆనించింది. స్క్రీన్ మీద గీత లేచింది, పడింది, మళ్లీ లేచింది.

"ఇక్కడి మెమరీ సెల్స్ బతికే ఉన్నయ్ సార్. పోయిన వారం రాసింది రాసినట్టే ఉంది."

లక్ష్మీరాజం కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "వంచి చదువు."

ఫౌజియా ఫిల్మును వేలికి చుట్టింది. గీత మారలేదు.