ఎండలో పెట్టిన బ్యాటరీలు

పొద్దున్నే మేడ మీద పాత పంచె పరిచి హనుమాయమ్మ సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. మే నెల ఎండ అప్పుడే వీపుకి తగులుతోంది. కింద వసారాలో ఆమె కూతురు కౌముది చాప మీద కూర్చుని, ఒడిలో నల్లటి మిషను పెట్టుకుని మీటలు నొక్కుతోంది. పక్కనే పడక్కుర్చీలో కౌముది తండ్రి దత్తాత్రేయులు మాస్టారు పేపరు అడ్డం పెట్టుకుని, ఆ మిషను వైపు చూడనట్టు చూస్తున్నారు.

కౌముది హైదరాబాదులో ఒక కొత్త స్కూల్లో లెక్కల టీచరు. విదేశీ సిలబస్ చెప్పే స్కూలు అది. అక్కడ పిల్లలు గ్రాఫు కాగితం ముట్టుకోరు. సమీకరణం టైపు చేస్తే తెర మీద గీత దానంతట అదే గీసే కాలిక్యులేటరు వాడతారు. జూన్‌లో స్కూలు తెరవగానే కౌముది దాంతో పాఠం చెప్పాలి. ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చుని చూస్తారు. ఆ పాఠం నచ్చితేనే ఉద్యోగం ఖాయమవుతుంది. అందుకే స్కూలువాళ్లని అడిగి అలాంటి మిషను ఒకటి సొంతూరు తిరువూరు తెచ్చుకుంది. సెలవులన్నీ దాంతోనే గడిపింది. ఏ పాఠానికి ఏ గీత చూపించాలో ఒక్కొక్కటీ తయారుచేసి, అందులోనే దాచుకుంది. ఎల్లుండే ప్రయాణం.

మాస్టారు రిటైరై చాలాకాలమైనా లెక్కల్లో ఆయన పేరు ఊళ్లో అలాగే ఉంది. సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద ఒక్క చుట్టు తిప్పితే కంపాస్‌తో గీసినట్టు వృత్తం వచ్చేది. ఎ.కొండూరు నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలు ఇళ్లకి వెళ్లి ఆ వృత్తం గురించి చెప్పుకునేవారు.

ఆ వృత్తం దగ్గరే చిక్కొచ్చింది. కిందటి ఆదివారం ఆయన పాత శిష్యుడు శరత్‌చంద్ర రెడ్డిగూడెం నుంచి మామిడిపళ్ల బుట్టతో వచ్చాడు. అతని ముందు మాస్టారు ముచ్చటపడి మిషను చేతిలోకి తీసుకుని, కౌముది చెప్పిన మీటలు నొక్కి వృత్తం గీయించారు. తెర మీద కోడిగుడ్డు వచ్చింది.

"చూశావటోయ్, సున్నా చుట్టడం కూడా రాదు దీనికి. ఇది పిల్లలకి లెక్కలు నేర్పుతుందట" అన్నారు మాస్టారు.

శరత్‌చంద్ర నవ్వబోయాడు. ఈలోపు కౌముది మిషను అందుకుని ఏదో నొక్కింది. కోడిగుడ్డు గుండ్రమైంది.

"తప్పు దానిది కాదు నాన్నగారూ. తెర వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. రెండు వైపులా కొలత సమానం చెయ్యమని మనమే చెప్పాలి. మీరు చెప్పలేదు."

ఆమె మామూలుగానే అంది. శరత్‌చంద్ర మాత్రం చప్పున కాఫీ బాగుందని హనుమాయమ్మతో అన్నాడు. తన ఇంట్లో, తన శిష్యుడు తనని కాపాడాలని మాట మార్చడం మాస్టారికి అదే మొదటిసారి. ఆ తర్వాత ఆయన అందరి ముందూ ఆ మిషను ముట్టుకోలేదు.

నిన్న మధ్యాహ్నం తల్లీ కూతురూ నిద్రపోతున్నప్పుడు మాత్రం దాన్ని గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఎవరి సాయం లేకుండా గుండ్రంగా రప్పించి, రాత్రి భోజనాల దగ్గర ఏమీ ఎరగనట్టు చూపించాలని ఆయన కోరిక. ఒక్కో మీట మీద రెండేసి గుర్తులు, పైన చీమల్లాంటి అక్షరాలు. తీసివేతకి ఒక మీట, రుణ సంఖ్యకి వేరే మీట ఉన్నాయని ఆయనకి తెలియదు. ఒకదాని బదులు ఇంకొకటి నొక్కారు. మిషను తప్పంది. మళ్లీ నొక్కారు, మళ్లీ తప్పంది. విసుగొచ్చి అవీ ఇవీ నొక్కేసరికి తెర మీద అక్షరాలు వెలిసిపోతూ వెలిసిపోతూ మాయమయ్యాయి.

ఏ మీట నొక్కినా అవి తిరిగి రాలేదు. పిలిస్తే పలికే దూరంలోనే కూతురుంది. పిలవలేకపోయారు.

ఆ ఇంట్లో రేడియో గొంతు సన్నగిలినా, టార్చిలైటు మసకబారినా చేసే వైద్యం ఒకటే. బ్యాటరీలు తీసి, గుడ్డతో తుడిచి, మేడ మీద ఎండలో పెడతారు. కాసేపు ఎండ తగిలితే మళ్లీ నాలుగు రోజులు పనిచేస్తాయి. మాస్టారు మిషను వెనక మూత తీసి సన్న బ్యాటరీలన్నీ తీశారు. పక్కన ఇంకో చిన్న మూత కనిపిస్తే, కళ్లజోడు బిగించుకునే స్క్రూడ్రైవరుతో దాన్నీ విప్పి, లోపలి బిళ్లలాంటి బ్యాటరీని కూడా తీశారు. అన్నీ పళ్లెంలో పెట్టి, ఎండుతున్న మినప వడియాల పక్కన ఉంచారు. సాయంత్రం తిరిగి వేస్తే తెర వెలిగింది. బాగుచేశానన్న గర్వం కూడా కాస్త కలిగింది ఆయనకి. వెంటనే ఆపేసి, తీసినచోటే పెట్టేశారు.

ఇప్పుడు వసారాలో మీటల చప్పుడు ఆగిపోయింది.

"అమ్మా" అని పిలిచింది కౌముది.

హనుమాయమ్మ పిండిచేతులతోనే దిగి వచ్చింది. కౌముది మొహం పాలిపోయి ఉంది. దాచుకున్న పాఠాల్లో ఒక్కటీ లేదని, లోపల అంతా తుడిచిపెట్టుకుపోయిందని చెప్పింది. బ్యాటరీలన్నీ ఒక్కసారే తీస్తే అలాగే అవుతుందట.

"నిన్న వడియాల పక్కన పళ్లెంలో బ్యాటరీలు చూశాను. రేడియోవి అనుకున్నా. అవి దీన్లోవా?"

హనుమాయమ్మ పడక్కుర్చీ వైపు చూసింది. పేపరు ఇంకాస్త పైకి లేచింది.

"అవునమ్మా" అంది హనుమాయమ్మ.

"ఎందుకు ముట్టుకున్నావు? దాని మీద ఏం రాసుందో చదవడం వచ్చా నీకు? మొన్న మొన్న అ ఆలు నేర్చుకుని ఇందులో కూడా వేలు పెట్టాలా? నా ఉద్యోగమమ్మా ఇది."

హనుమాయమ్మ యాభై దాటాక అక్షరాలు నేర్చుకుంది. పక్క వీధిలో ఇంటర్ చదివిన ఇర్ఫానా అనే పిల్ల సాయంత్రాలు పెద్దవాళ్లకి చదువు చెబుతుంటే, పలక కొంగు కింద దాచుకుని వెళ్లేది. ఇప్పుడు బస్సు బోర్డులు కూడబలుక్కుని చదువుతుంది. ఆ సంతోషం ఇంట్లో ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు.

"పొరపాటైపోయిందే" అని, పిండి అంటిన చేతులు చూసుకుంటూ ఆమె మేడెక్కి వెళ్లిపోయింది.

మాస్టారు పేపర్లో ఒకే లైను మీద చూపు పెట్టుకుని కూర్చున్నారు. పేపరు దించి ఒక్క మాట అంటే సరిపోయేది. క్లాసులో ఆయన నియమం ఒకటుండేది. తప్పు చేసినవాడు తనంతట తాను లేచి నిలబడితే కొట్టేవారు కాదు. పక్కవాడి మీదికి నెట్టినవాణ్ణి మాత్రం వదిలేవారు కాదు. ఎంతమంది పిల్లలు వణుకుతూ లేచి నిలబడ్డారో ఆయనకి గుర్తుంది. ఆయన మాత్రం లేవలేదు.

మధ్యాహ్నం కౌముది భోజనానికి రాలేదు. మొదటినుంచీ మళ్లీ మొదలుపెట్టింది. మాస్టారి ముందు కంచంలో మామిడికాయ పప్పు చల్లారిపోతోంది.

"ఎందుకు నీ మీద వేసుకున్నావు?" అన్నారు తల ఎత్తకుండా.

"పళ్లెం పక్కన మీ స్క్రూడ్రైవరుంది. అమ్మాయి చూస్తుందని నిన్ననే తీసి మీ కళ్లజోడు పెట్టెలో పెట్టేశాను."

"నేనని చెప్పొచ్చుగా."

"మీరే చెబుతారేమోనని చూశానండీ."

ఆయన అన్నం కెలుకుతూ ఉండిపోయారు. హనుమాయమ్మ మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపి, ఇర్ఫానా దగ్గర మొదటిరోజు ఏడుపొచ్చిందని చెప్పింది. కూతురి కంటే చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని దిద్దిస్తుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదట. మర్నాడు వెళ్లడానికి కాళ్లు రాలేదట. వెళ్లాక మెల్లగా అలవాటైపోయిందట.

"ఇంట్లో నేనుండగా ఆ పిల్ల దగ్గరికెందుకు? నన్నడిగితే నేర్పేవాణ్ణి కానా?"

"అడిగానండీ, కాపరానికొచ్చిన కొత్తలో. మీరు నవ్వారు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే ఆయన ముద్ద కంచంలోనే వదిలేశారు. తను నవ్విన సంగతి ఆయనకి గుర్తు కూడా లేదు.

చెయ్యి కడుక్కుని వసారాలోకి వెళ్లి కూతురి ఎదురుగా నిలబడ్డారు. కుర్చీ పక్కనే ఉంది, కూర్చోలేదు.

"అమ్మాయ్, బ్యాటరీలు తీసింది మీ అమ్మ కాదు. నేను."

కౌముది తలెత్తింది. ఆయన జరిగిందంతా చెప్పారు. కోడిగుడ్డు దగ్గర మొదలుపెట్టి ఏదీ వదల్లేదు. చెబుతున్నంతసేపూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పంచె అంచు పట్టుకున్నారు.

"నన్నడిగితే చూపించేదాన్ని కదా, నాన్నగారూ."

"సిగ్గేసిందమ్మా. పొద్దున అమ్మని అంటుంటే నోరు మూసుకు కూర్చున్నానే, దానికి పడాల్సిన సిగ్గు అప్పుడు పడలేదు. ఇప్పుడు పడుతున్నాను."

పొద్దున తను అమ్మనన్న మాటలు ఒక్కొక్కటే కౌముదికి తిరిగి వినిపిస్తున్నాయి. మిషను చాప మీద వదిలేసి మేడెక్కింది.

హనుమాయమ్మ వడియాలు తిరగేస్తోంది. కౌముది కాలే గచ్చు మీదే ఆమె పక్కన కూలబడి భుజానికి తల ఆనించింది. "ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందమ్మా" అంది. ఆమె కన్నీళ్లు తల్లి జాకెట్టు తడిపేశాయి.

"కోపంలో వచ్చింది. అన్నం తినలేదు నువ్వు. పద, కాళ్లు కాలతాయి" అని హనుమాయమ్మ కూతుర్ని లేపింది.

సాయంత్రం వసారాలో మళ్లీ చాప పరిచారు. పోయిన పాఠాలు కౌముది గుర్తుచేసుకుని చెబుతుంటే, మాస్టారు గ్రాఫు కాగితం మీద చకచకా గీసి కొలతలు చెబుతున్నారు. ఆమె వాటిని మిషనులో ఎక్కిస్తోంది. ఇలాగైతే ప్రయాణానికి ముందే అయిపోతుందని ధైర్యం వచ్చింది ఆమెకి. వృత్తం పాఠం వచ్చినప్పుడు మాత్రం మిషను తండ్రి చేతిలో పెట్టింది.

"మీరు నొక్కండి. నేను పక్కనుంటాను."

ఆయన వేలు ఒక్కో మీట మీదా ఆగి ఆగి కదిలింది. ఒకసారి తప్పు నొక్కి కూతురి మొహం చూశారు. "వెనక్కి వెళ్లండి, ఏం కాదు" అందామె. కోడిగుడ్డు వచ్చింది. ఇంకో మీట నొక్కితే అది మెల్లగా గుండ్రమైంది.

కాఫీ గ్లాసులు పట్టుకొచ్చిన హనుమాయమ్మ గుమ్మం దగ్గరే ఆగి, ఏంటండీ అది అని అడిగింది.

మాస్టారు అలవాటుగా గొంతు సవరించుకున్నారు. అంతలోనే ఆగి, చాప మీద పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చారు.

"ఇలా వచ్చి కూర్చో. అమ్మాయి మళ్లీ చెబుతుంది. నాకూ ఇంకా సరిగా రాదు."